టీమ్ లీడ్‌కి కరుణ ఉంటే పని చెడుతుందా?

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీకు ఆరేళ్ళ అనుభవం, ఈ మధ్యే టీమ్ లీడ్ అయ్యారు. మీ జూనియర్ ఒకతను టెస్ట్‌లో నడపాల్సిన స్క్రిప్టుని ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, నడిపాడు, కొన్ని గంటలు ఆర్డర్లు ఆగిపోయాయి. ఆర్‌సిఏలో (తప్పుకి మూలకారణం ఏమిటో రాసే రిపోర్టులో) అతని పేరు పెట్టమని మేనేజర్ అంటున్నారు, మీకు మనసొప్పడం లేదు. "నువ్వు మరీ మెత్తన, ఇక్కడ లాజిక్ కావాలి, జాలి, దయ కుదరవు" అన్నారట. ఇంకో మాట కూడా మీరే రాశారు: అదే అబ్బాయి రాసిన కోడ్ రివ్యూకి, అంటే వాడకంలోకి వెళ్ళేముందు మీరు చూసి సరేననడానికి, వస్తే, బాగోలేదని తెలిసినా చెప్పలేక అప్రూవ్ కొట్టేస్తున్నానని. చివర్లో, "ఈ పనిలో కరుణకి నిజంగా చోటుందా? లేక చేతులారా నా కెరీర్ నేనే పాడు చేసుకుంటున్నానా?" అని అడిగారు.

చోటుంది. సిస్టమ్ నిలబడాలంటే అది కావాలి కూడా. అయితే మీరు రాసిన రెంటిలో మొదటిది కరుణ, రెండోది మొహమాటం. మీ మేనేజర్ ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మిమ్మల్ని మెత్తన అంటున్నారు. నిజం చెప్పాలంటే మీరూ అదే చేస్తున్నారు. పేరు పెట్టనని పట్టుబట్టండి, అది సరైన పని. చెత్త కోడ్‌కి అప్రూవల్ మాత్రం ఈ రోజే ఆపేయండి.

నేను హైదరాబాద్‌లో టెస్టర్‌గా మొదలయ్యాను, తర్వాత చాలాకాలం పేమెంట్ల సిస్టమ్‌ల మీద పనిచేశాను, ఇప్పుడు కొన్ని టీమ్‌ల బాధ్యత చూస్తున్నాను. ఇకమీద రాసేది ఆ అనుభవంలోంచే.

ముందు ఆర్‌సిఏ సంగతి. ఆ డాక్యుమెంట్ మీ మేనేజర్ చదువుతారు, ఆయన పైవాళ్ళు చదువుతారు, క్లయింట్ వైపు ఇద్దరు ముగ్గురు చదువుతారు. "ఫలానా ఇంజనీర్ చూసుకోకుండా స్క్రిప్టు నడిపాడు, అతన్ని హెచ్చరించాం" అని ఉంటే అందరికీ హాయిగా ఉంటుంది. కారణం దొరికినట్టే, మీటింగ్ అయిపోయినట్టే. కానీ ఆ స్క్రిప్టు అక్కడే ఉంటుంది. టెస్ట్‌కీ ప్రొడక్షన్‌కీ ఒకే యూజర్, ఒకే పాస్‌వర్డ్ అలాగే ఉంటాయి. రెండు టెర్మినల్ విండోలూ ఒకే నలుపులో పక్కపక్కనే తెరుచుకునే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఇంకో కొత్త అబ్బాయి వస్తాడు, వాడూ అదే చేస్తాడు.

ఇలాంటి ఘటనల్లో బాగా బయటికొచ్చింది గిట్‌ల్యాబ్‌ది, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ అది. 2017 జనవరి 31. డేటాబేస్ మీద లోడ్ పెరిగి, అసలు సర్వర్‌కి నకలుగా ఉండే రెండో సర్వర్ దానికంటే వెనకబడిపోయింది. ఒక ఇంజనీర్ రాత్రి పొద్దుపోయేదాకా దానితో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ తీసేసి మళ్ళీ మొదలుపెడదామనుకుని, ఆ కమాండ్‌ని అసలు సర్వర్‌లో కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది కదా అనుకుంటాం. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే టూల్ వెర్షన్ ఇంకొకటి కావడంతో బ్యాకప్‌లు ఫెయిలవుతూనే ఉన్నాయి. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళు వెళ్తున్నాయి గానీ, అవి అవతల రిజెక్ట్ అయిపోతున్నాయి. బ్యాకప్ ఉండాల్సిన చోట ఖాళీ. దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) వల్ల మిగతాదంతా బతికింది. ఆ స్నాప్‌షాట్ తీసింది కూడా, కమాండ్ కొట్టిన ఆ ఇంజనీరే.

ఇప్పుడు చెప్పండి, దీనికి కారణం అతనా? తిలా పాపం తలా పిడికెడు. బ్యాకప్ నుంచి ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూడమని ఎవరికీ బాధ్యత ఇవ్వకపోవడం అసలు కథ. ఆ కంపెనీ తర్వాత పెట్టిన రిపోర్టులో అతన్ని ‘టీమ్ మెంబర్ 1’ అనే రాశారు. రిస్టోర్ జరుగుతున్నంతసేపూ యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, నోట్స్ అందరూ చదివేలా బయట ఉంచారు. అతన్ని తిట్టి పంపేసి ఉంటే మెయిళ్ళు రిజెక్ట్ అవుతున్న సంగతి అంత వివరంగా ఎవరూ తవ్వేవాళ్ళు కాదేమో.

సరిగ్గా నాలుగు వారాల తర్వాత, ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్‌3, ఎన్నో సైట్లు తమ డేటా దాచుకునే సర్వీసు, పడిపోయింది. అమెరికాలో చాలా వెబ్‌సైట్లు నత్తనడక నడిచాయి. అక్కడా ఒక ఇంజనీర్ కమాండ్‌లో ఒక విలువ తప్పు కొట్టడంతో, తీయాల్సినదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. అమెజాన్ రాసిన వివరణలో పేరు లేదు. ఆ టూల్ ఇకమీద సర్వర్లని నెమ్మదిగా తీసేలా, ఒక కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా మార్చామని ఉంది. మీ మేనేజర్‌కి లాజిక్ కావాలంటే ఇదే లాజిక్. మనిషిని మారిస్తే తప్పు చేసే మనిషి మారతాడు. టూల్‌ని మారిస్తే ఆ తప్పు చేయడం కష్టమవుతుంది.

మీ జూనియర్‌తో కూర్చున్నప్పుడు "ఎందుకు చేశావ్?" అని అడగకండి. అలా అడిగితే సమర్థన వస్తుంది, లేదా "సారీ అన్నా" వస్తుంది. రెండూ ఆర్‌సిఏకి పనికిరావు. "అప్పుడు నీ స్క్రీన్ మీద ఏముంది? ఏ పేజీ చూసి చేస్తున్నావ్? ఎవరు అడిగారు? ఎప్పట్నుంచి కూర్చున్నావ్?" అని అడగండి. అతను చెప్పే జవాబుల్లోనే మీ యాక్షన్ ఐటమ్‌లు, అంటే ఇకమీద చేయాల్సిన మార్పులు, దొరుకుతాయి. ‘ఇకముందు జాగ్రత్తగా ఉంటాం’ అనేది యాక్షన్ ఐటమ్ కాదు. నా టీమ్‌లలో ఆ వాక్యం ఎవరైనా రాస్తే కొట్టేసి వెనక్కి పంపిస్తాను.

ఒక కేసు చెప్తాను, కంపెనీ పేరు వద్దు. ప్రతి రాత్రీ బ్యాంకులకి సెటిల్‌మెంట్ ఫైలు (ఎవరికెంత డబ్బు చేరాలో చెప్పేది) వెళ్ళేది. నెలాఖర్లో లెక్కలు కలవలేదు. తేడా చిన్నదే, కానీ బ్యాంకు వాళ్ళకి చిన్నా పెద్దా ఉండదు కదా, తేడా అంటే తేడానే. ఎస్కలేషన్ మీద ఎస్కలేషన్. పెద్దవాళ్ళంతా కాల్‌లో కూర్చుని లాగ్‌లు తిరగేస్తున్నారు. టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఉంది, కాల్‌లో మ్యూట్‌లోనే ఉంది. కాల్ అయ్యాక కిందికి టీకి వెళ్తూ, "ఏమ్మా, నీకేమైనా అనిపించిందా?" అని తెలుగులో అడిగాను. కాసేపు నసిగి, పైకొచ్చాక నోట్‌బుక్ తెరిచి చూపించింది. రెండు కాలమ్‌లు గీసుకుంది. ఒక పక్క తేదీ, ఇంకో పక్క ఆ రోజు తేడా: ఒక పైసా, మూడు పైసలు, రెండు పైసలు, మళ్ళీ ఒక పైసా. కింద చిన్న అక్షరాలతో రాసుంది: సగం రీఫండ్ అయిన ఆర్డర్లలో మాత్రమే వస్తోంది, రౌండింగ్ రెండు చోట్ల జరుగుతోంది. మొత్తం సమాధానం అక్కడే ఉంది. మూడు వారాల ముందు నుంచీ ఉంది.

మరి చెప్పలేదేం? అంతకు కొద్దిరోజుల ముందే ఒక సీనియర్, క్లయింట్ వింటుండగా, ఇంకో కుర్రాడిని "బేసిక్స్ కూడా తెలీకుండా ఎలా వచ్చావ్ ఇక్కడికి?" అన్నాడు. ఆమె ఆ కాల్‌లో ఉంది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్ల, ఇంగ్లీషులో పదిమంది ముందు మాట్లాడాలంటేనే టెన్షన్. పైగా తప్పైతే ఆ మాట పడాలి. నోరు మెదపకపోవడమే క్షేమం అనుకుంది. ఆమె చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

నేను కరుణని ఇంజనీరింగ్ విషయంగా చూడటం ఇందుకే. సిస్టమ్‌లో ఏం జరుగుతోందో ముందు తెలిసేది కింద పనిచేసేవాళ్ళకి. ఆ కబురు పైదాకా రావాలంటే, చెప్పినవాడికి దెబ్బ తగలదన్న నమ్మకం ఉండాలి. 1990లలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లని చూసింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెట్టింది. లెక్కల్లో తిరగబడింది, బాగా కలిసి పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ నమోదయ్యాయి. తవ్వితే తేలిందేమిటంటే, అక్కడివాళ్ళు దాచకుండా చెప్తున్నారు. మీ టీమ్‌లో ఈ మధ్య ‘చిన్న చిన్న ఇష్యూలు’ ఎవరూ చెప్పడం లేదంటే సంతోషించకండి.

ఇక రివ్యూల సంగతి.

మొహమాటపడి అప్రూవ్ చేస్తున్నప్పుడు మీకు మంచి మనిషినన్న భావన కలుగుతుంది. ఆ మంచితనం ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడండి. ఆ కోడ్ ప్రొడక్షన్‌కి వెళ్ళి రాత్రి రెండింటికి పగిలితే, ఆ రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్నవాడు నిద్ర లేస్తాడు. పగిలిందని అందరికీ తెలిశాక, రాసినవాడి పరువు పోతుంది. మీరు ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరి మధ్యే చెప్పగలిగిన మాటని, పదిమంది ముందు పడేలా చేశారు. అతని మీద మీకు నిజంగా అక్కర ఉంటే ఆ అవకాశం ఇవ్వకూడదు.

అడగడం ఇబ్బందిగానే ఉంది గానీ అడుగుతాను. ప్రొడక్షన్‌లో నడిచిన ఆ స్క్రిప్టు రివ్యూకి వచ్చిందా? అప్రూవ్ చేసింది ఎవరు? దీనికి జవాబు మీరే అయితే, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

కటువుగా చెప్పడానికీ స్పష్టంగా చెప్పడానికీ తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఒక రివ్యూలో నేను చూసిన కామెంట్: "ఇదేం లూప్? ఆలోచించే రాశావా?" ఇందులో సమాచారం సున్నా. లూప్‌లో ఏదో ఉందని తెలిసింది, ఏముందో తెలియలేదు. రాసినవాడు భయపడి ఏదో ఒకటి మార్చి మళ్ళీ పంపాడు. మళ్ళీ తిట్టు. ఇలా రెండు రోజులు. చివరికి నేను రాసింది: "ఈ లూప్‌లో ప్రతి ఆర్డర్‌కీ ఒకసారి డేటాబేస్‌కి వెళ్తున్నాం. టెస్ట్‌లో ఇరవై ఆర్డర్లే కాబట్టి తెలియదు. పండగ సేల్‌లో గంటకి వేలల్లో వస్తాయి, కనెక్షన్లు అయిపోతాయి. ఐడీలన్నీ ఒకేసారి ఇచ్చి తెచ్చుకుందాం. ఇది మార్చకుండా మెర్జ్ చేయలేను." చివరి వాక్యం చూడండి (మెర్జ్ అంటే అతని కోడ్‌ని అసలు కోడ్‌లో కలపడం), అందులో మొహమాటం ఏమీ లేదు. కాదన్నాను. ఎందుకు కాదో, ఏం చేస్తే అవునో కూడా చెప్పాను. అరగంటలో అయిపోయింది.

ఇంకొన్ని అలవాట్లు పనికొస్తాయి. తప్పనిసరిగా మార్చాల్సింది ఏది, నా ఇష్టాయిష్టం ఏది అన్నది కామెంట్ మొదట్లోనే రాస్తాను. కొత్తవాళ్ళకి ఇది తెలీదు, వేరియబుల్ పేరు గురించిన మాటకీ డేటా పోయే మాటకీ ఒకే బరువిచ్చి తల బద్దలు కొట్టుకుంటారు. కామెంట్లు పెరిగిపోతున్నాయంటే టైప్ చేయడం ఆపి ఫోన్ చేస్తాను. శుక్రవారం సాయంత్రం ఊరికి బస్సెక్కబోయేవాడికి పెద్ద రివ్యూ పంపను. బాగున్నచోట ఏది బాగుందో పేరుపెట్టి చెప్తాను, "గుడ్ జాబ్" అని ఊరుకోను. "ఈ టెస్ట్‌లో సున్నా రూపాయల ఆర్డర్‌ని కూడా పెట్టావు, నాకు తట్టలేదు" అంటే ఆ అలవాటు ఉండిపోతుంది.

"లినస్ టోర్వాల్డ్స్ తిట్టి తిట్టి లైనక్స్ కట్టలేదా?" అని ఎవరో ఒకరు అంటారు, మీ మేనేజర్ కూడా అనవచ్చు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టిన మనిషి ఆయన, ఆయన మెయిళ్ళు నేనూ చదివాను, కొన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2018 సెప్టెంబర్‌లో లైనక్స్ 4.19 వెర్షన్ తయారీ మధ్యలో ఆయనే మెయిలింగ్ లిస్ట్‌లో క్షమాపణ చెప్పాడు, ఇతరుల మనోభావాలు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని కొంతకాలం పక్కకి జరిగాడు. ఆ వెర్షన్ని ఆయన సహచరుడు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ పూర్తి చేశాడు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కర్నెల్ మీద పనిచేసేవాళ్ళకి కొత్త ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది. అక్టోబర్‌లో లినస్ తిరిగి వచ్చాడు. కర్నెల్‌లోకి చెత్త ప్యాచ్ (కోడ్ మార్పు) వెళ్ళడం ఇప్పటికీ అంతే కష్టం. అంటే ప్రమాణాలకి తిట్టు అవసరం లేదని, తిట్టడంలో పేరు మోసిన మనిషి దగ్గరే తేలింది.

ఇప్పటిదాకా టీమ్ లోపలి సంగతి. మనం అస్సలు చూడని మనుషులు ఇంకొందరు ఉన్నారు, మన కోడ్‌కి అవతల.

తెలంగాణలో 2014 తర్వాత కొన్నేళ్ళలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. రకరకాల ప్రభుత్వ రికార్డులని కంప్యూటర్‌లో జతచేసి, కారుందనో ఆస్తి ఉందనో అనర్హుల్ని ఏరే పద్ధతి దానిలో పెద్ద భాగం. పేరు, చిరునామా పోలికతో జతచేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. రిక్షా తొక్కిన మనిషి కుటుంబానికి, పేరు పోలిన ఇంకెవరిదో కారు తగిలించి కార్డు తీసేసిన ఉదంతం కోర్టుల దాకా వెళ్ళింది. 2022లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నింటినీ ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ పరిశీలించమంది. ఆ మ్యాచింగ్ రాసిన ఇంజనీర్లు చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళ ముందున్నది ఒక స్కోరు, ఒక కట్-ఆఫ్. కానీ ‘ఇది తప్పైతే అవతలి మనిషి ఏం చేయాలి, ఎవరి దగ్గరికి పోవాలి?’ అన్న ప్రశ్న డిజైన్ మీటింగ్‌లో ఒకరైనా అడిగి ఉంటే, కార్డు తీసేముందు నోటీసు ఇవ్వాలన్న ఒక స్టెప్ ఉండేది. ఆ స్టెప్ కోడ్‌లో ఎంత? ఒక స్టేటస్, ఒక తేదీ, ఒక మెసేజ్.

బ్రిటన్‌లో ఇంతకంటే ఘోరం జరిగింది. అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉండేది, ఫుజిట్సు వాళ్ళది. బ్రాంచి లెక్కల్లో లేని లోటు చూపించేది. 1999 నుంచి 2015 దాకా, 900 మందికి పైగా పోస్టుమాస్టర్లకి దొంగతనం, తప్పుడు లెక్కలు అంటూ శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకెళ్ళారు, ఇళ్ళు అమ్ముకున్నారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "ఈ సమస్య మీకొక్కరికే వస్తోంది" అన్నారని ఎంతోమంది చెప్పారు. 2019లో కోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో బగ్‌లు ఉన్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి మరీ శిక్షలు రద్దు చేసింది. సపోర్ట్ టికెట్ మీద మనం ఎంత తేలిగ్గా ‘యూజర్ ఎర్రర్’ అని రాసి మూసేస్తామో ఒకసారి గుర్తు చేసుకోండి. నా మటుకు నేను ఆ ట్యాగ్‌నే తీయించేశాను. యూజర్ తప్పే అయినా, ఆ తప్పు చేయడానికి మన స్క్రీన్ ఎలా దారిచ్చిందో రాయమంటాను.

చిన్న విషయాల్లోనూ ఇదే. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని రెండు పెట్టెలు పెట్టి, రెండూ తప్పనిసరి అంటాం. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పడుతుంది. అమెరికా వెళ్ళాక ఆఫీసులో ఇంటిపేరు పెట్టి పిలిపించుకునే మనవాళ్ళు కోకొల్లలు. అది నవ్వుకోవచ్చు. బ్యాంకు కెవైసీలో ‘పేరు సరిపోలలేదు’ అని ఎర్రగా వచ్చి, పెద్దావిడ పెన్షన్ ఆగితే నవ్వు రాదు. అక్కడ ఏ పేరు దేనితో సరిపోలలేదో, ఏ కాగితం తెస్తే సరవుతుందో రెండు లైన్లు రాయడం కరుణే. ఇంకోలా చూస్తే సపోర్ట్ కాల్స్ తగ్గించే ఫీచర్. పేరేదైనా పెట్టుకోండి.

టీమ్‌లో ఒంటరిగా మోస్తున్నవాడి గురించి కూడా ఒక మాట. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో బ్యాక్‌డోర్ (సిస్టమ్‌లోకి దొంగదారి) బయటపడింది. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వబట్టి దొరికింది, లేకపోతే కొంపలు మునిగేవి. అది ఎలా చొచ్చుకొచ్చిందో చూస్తే, సగం కథ మనుషులదే. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకుంటున్నది ఒకే ఒక్కడు. 2022లో మెయిలింగ్ లిస్ట్‌లో కొందరు, ఇప్పుడు చూస్తే దొంగ ఖాతాలే అనిపించేవి, "పని కదలడం లేదు, ఇంకొకరికి అప్పగించు" అని వెంటపడ్డారు. మానసికంగా బాగోలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని ఆయన రాశాడు కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా ఇంకా వత్తారు. సాయం చేస్తానని వచ్చినవాడికి చివరికి తాళాలు దక్కాయి. బ్యాక్‌డోర్ పెట్టింది ఆ సాయగాడే.

మీ టీమ్‌లోనూ పాత మాడ్యూల్ ఒకటి ఉండే ఉంటుంది, ఒక్కడికే తెలిసినది. అతనికి సంక్రాంతికి సెలవు దొరకదు, పెళ్ళిలో కూడా ల్యాప్‌టాప్ పక్కనుంటుంది. అందరూ అతన్ని పొగుడుతుంటారు. ఆ పొగడ్త ఆపి ఇంకో ఇద్దరికి ఆ మాడ్యూల్ నేర్పించండి. రన్‌బుక్ (సమస్య వస్తే ఏం చేయాలో వరసగా చెప్పే డాక్యుమెంట్) రాయించండి, నిద్రమత్తులో ఉన్నవాడు కూడా కమాండ్ కాపీ చేసి అతికించగలిగేలా, ఏం కనిపిస్తే ఆపేయాలో కూడా ఉండేలా. లీడ్‌గా మీరు చూపించగల దయలో ఎక్కువ భాగం ఇలాంటి బోరు పనే.

ఇప్పుడు జాగ్రత్తలు, ఎందుకంటే కరుణ పేరుతో చెడగొట్టిన టీమ్‌లు కూడా చూశాను.

పని చేయనివాడి పనిని మీరు రాత్రిళ్ళు కూర్చుని చేసి పెట్టకండి. మొదట్లో బాగుంటుంది. తర్వాత అతను నేర్చుకోడు, మీరు అలిసిపోతారు, పక్కన బాగా పనిచేస్తున్న ఇద్దరు ఇదంతా చూస్తుంటారు. వాళ్ళు నోరు తెరిచి ఏమీ అనరు, ఒకరోజు పేపర్లు పెడతారు. ఒకడి మీద జాలి ఇద్దరికి అన్యాయమైతే దానికి వేరే పేరుంది.

అప్రైజల్ దాకా ఆగకండి. ఏడాదంతా "బాగానే ఉంది" అని, మార్చిలో రేటింగ్ తగ్గించి, ఆ తర్వాత పనితీరు మెరుగుపరుచుకోమనే పిఐపీ కాగితం చేతిలో పెట్టడం లాంటి క్రూరత్వం ఇంకోటి లేదు. మా దగ్గర ఒకతను నిజంగానే ఆ పనికి సరిపోలేదు. రెండో నెలలోనే కూర్చోబెట్టి, ఏ పనుల్లో వెనకబడుతున్నాడో పని పేర్లతో సహా చెప్పాను. ముఖం మాడ్చుకున్నాడు, వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కానీ అతని దగ్గర టైముంది. ఆలోచించుకుని టెస్ట్ ఆటోమేషన్ వైపు మారాడు, అక్కడ నిలదొక్కుకున్నాడు. ప్రతిసారీ ఇలా సుఖాంతం అవుతుందని చెప్పను. ఇంకొకరి విషయంలో చివరికి వెళ్ళిపొమ్మనే చెప్పాల్సి వచ్చింది. అప్పుడు కరుణ అంటే, ఆశ్చర్యం లేకుండా చెప్పడం, రిఫరెన్స్ నిజాయితీగా ఇవ్వడం, నోటీస్ పీరియడ్‌లో ఇంటర్వ్యూలకి వెళ్ళడానికి వీలివ్వడం. అంతకుమించి మీ చేతిలో ఉండదు.

ఇంకొకటి, పదే పదే అదే తప్పు చేసేవాడినీ, తెలిసి తెలిసి దాచేవాడినీ, పొరపాటు చేసినవాడితో కలపకండి. పేరు పెట్టకపోవడం అంటే బాధ్యత లేకపోవడం కాదు. మీ జూనియర్ స్క్రిప్టు నడిపిన వెంటనే చెప్పాడా, లేక ఎవరో పట్టుకున్నాక ఒప్పుకున్నాడా? వెంటనే చెప్పి ఉంటే ఆ మాట నలుగురిలో అనండి, ఆర్‌సిఏలో ‘ఇన్ని నిమిషాల్లో సమాచారం అందింది’ అని రాయండి. దాచి ఉంటే, అది ఆర్‌సిఏలో కాకుండా మీరిద్దరే కూర్చుని మాట్లాడాల్సిన విషయం, అక్కడ గట్టిగానే మాట్లాడాలి.

మీ మేనేజర్ మీద కూడా కాస్త కరుణ చూపండి, వెటకారంగా అనడం లేదు. పేరు కావాలని ఆయనకి పై నుంచి ఫోన్ వచ్చి ఉంటుంది. "వాడు పాపం సార్" అంటే ఆయన దగ్గర పైవాళ్ళకి చెప్పడానికి ఏమీ ఉండదు. "పేరు రాస్తే ఇది మళ్ళీ జరుగుతుంది సార్, ఈ మూడు మార్పులు రాస్తే జరగదు, వీటికి ఇంత టైము కావాలి" అంటే ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చినట్టు. ప్రొడక్షన్ యూజర్ వేరు చేయడం, స్క్రిప్టు నడిపేముందు ఏ డేటాబేసో, ఎన్ని రికార్డులు మారతాయో చూపించి ఆ డేటాబేస్ పేరు టైప్ చేయించడం, ప్రొడక్షన్ టెర్మినల్‌కి ఎర్ర రంగు. మూడోది పది నిమిషాల పని, మొదటిది కాస్త పోరాటం.

ఇక ఇందాక ఆపిన ప్రశ్న. ఆ స్క్రిప్టుని అప్రూవ్ చేసింది మీరే అయితే, ఆర్‌సిఏలో నాలుగో లైన్ మీరే రాయండి: "రివ్యూలో ఈ ప్రమాదాన్ని గుర్తించలేదు. డేటా మార్చే స్క్రిప్టులకి ఇకమీద ఇద్దరి అప్రూవల్ ఉండాలి, అందులో ఒకరు లీడ్." ‘లీడ్’ అంటే మీరేనని అందరికీ తెలుసు. ఆ లైన్ చూశాక మిమ్మల్ని మెత్తన అనడం ఎవరికైనా కష్టమే. మీ జూనియర్ కూడా అది చదువుతాడు. వచ్చే వారం అతని కోడ్ మీద మీరు "ఇది మార్చకుండా మెర్జ్ చేయలేను" అని రాసినప్పుడు, ఆ మాటని అతను తీసుకునే తీరు వేరేగా ఉంటుంది.

కెరీర్ సంగతి అడిగారు కాబట్టి దాచకుండా చెప్తాను. కొన్ని చోట్ల ఇది పనిచేయదు. పేరు పెట్టాల్సిందే అని పైనుంచి పట్టుబడితే, మీ అభ్యంతరం మెయిల్‌లో రాసి ఉంచండి, జూనియర్‌కి ముందే చెప్పండి, అతను మొదటిసారి ఆ సంగతి కాల్‌లో వినకూడదు. ఒక ఘటన చూసి కంపెనీ మారమనను. రెండు మూడు ఆర్‌సిఏలు వరసగా ఇలాగే నడిస్తే మాత్రం రెజ్యూమె అప్‌డేట్ చేసుకోండి. అలాంటి చోట నోటీస్ పీరియడ్ తొంభై రోజులుంటుంది, ముందే మొదలుపెట్టడం మంచిది.